ఆషాఢం మీద రెండు వారాలు

పెళ్ళయిన ఇరవై మూడో రోజున దుర్గాశ్రీ పుట్టింటికి వెళ్ళిపోయింది. అలిగి వెళ్ళలేదు, ఆషాఢం వచ్చి వెళ్ళింది. కొత్త కోడలు ఆ నెల అత్తగారితో ఒక గడపలో ఉండకూడదు, కొత్త అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. ఉదయభాస్కర్‌ది ధవళేశ్వరం, దుర్గాశ్రీది ఆత్రేయపురం. మధ్యలో ఆనకట్ట, దాని కింద కొత్త నీటితో ఎర్రబడుతున్న గోదావరి. బండి మీద గట్టిగా అరగంట దూరం. ఆ అరగంట దూరమే అతనికి ఆ నెల సముద్రమంత అయిపోయింది.

ఇరవై మూడు రోజుల్లో ఒక మనిషి గురించి ఏం తెలుస్తుంది? అతనికి చాలానే తెలిసింది. పెరుగన్నంలో బెల్లం ముక్క నంచుకుంటుందని, నిద్రలో దుప్పటి మొత్తం తన వైపుకి లాక్కుంటుందని, కోపం వస్తే అండీ అనడం ఎక్కువ చేస్తుందని. అన్నిటికంటే ఆమె చేతులు తెలిశాయి. వాళ్ళమ్మ పూతరేకులు చేస్తుంది. దుర్గాశ్రీ పదేళ్ళప్పటి నుంచీ వేడి కుండ మీద పిండి నీళ్ళు పరిచి, పల్చటి రేకుని చిరక్కుండా పైకి తీసింది. ఆ అలవాటుతోనే అన్నీ ముట్టుకుంటుంది. చొక్కా మడతపెట్టినా, అతని చెంప మీద వేలు పెట్టినా అంత నెమ్మది.

అతను అంబులెన్సులో టెక్నీషియను. దెబ్బ తగిలినవాళ్ళకి కట్టు కట్టడం, సెలైన్ ఎక్కించడం, ఆసుపత్రికి చేరేదాకా ప్రాణం పట్టి ఉంచడం అతని పని. డ్రైవరు త్రిమూర్తులు, యాభై దాటిన మనిషి. భాస్కర్ ఆయన్ని బాబాయ్ అంటాడు.

ఆషాఢం మూడో రోజు పొద్దున్న పదింటికి, బొబ్బర్లంక దాటాక కాలవ గట్టు మీద ఆటో బోల్తా పడిందని ఫోనొచ్చింది. వీళ్ళు వెళ్ళేసరికి నలుగురు మోచేతులు గీరుకుపోయి గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఒకావిడకి మాత్రం మోకాలి కింద ఎముక విరిగింది, రక్తం బాగా పోతోంది. నలభై అయిదేళ్ళుంటాయి. పేరు అచ్చాయమ్మ. ఆవిడకి తోడుగా పక్కింటి సుబ్బాయమ్మ కూడా అంబులెన్సు ఎక్కింది.

బండి రాజమండ్రి వైపు కదిలింది. భాస్కర్ కాలికి కట్టు బిగించి, అచ్చాయమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, నరం వెతికి, సెలైన్ సూది పెట్టాడు. సన్నటి గొట్టం లోపల ఉంచి సూదిని బయటికి లాగుతుండగా బండి గుంతలో పడి లేచింది. సూది మొన గ్లోవు చీల్చుకుని అతని ఎడమ చూపుడు వేల్లో దిగింది.

అతనికంటే ముందు అచ్చాయమ్మే చూసింది.

"గుచ్చుకుందా బాబూ?"

"పర్లేదమ్మా. మీరు కదలకండి."

ఆవిడ కళ్ళు మూసుకుంది. సుబ్బాయమ్మ తన కొంగుతో ఆవిడ మొహం మీద చెమట తుడుస్తోంది. అచ్చాయమ్మ మళ్ళీ కళ్ళు తెరిచి ఒకసారి సుబ్బాయమ్మని చూసింది, ఒకసారి అతన్ని చూసింది. ఏదో తేల్చుకున్నట్టు పెదాలు తడుపుకుంది.

"నేను పెద్దాసుపత్రిలో నెలనెలా మందులు తెచ్చుకునే మనిషిని బాబూ. హెచ్ఐవీ మందులు. పదకొండేళ్ళ నుంచీ. మొన్న మా అమ్మాయి పురిటికి వాళ్ళూరెళ్ళి, డబ్బా ఎవరి కంటన్నా పడుతుందని రెండు నెలలు మానేశాను. నువ్వెళ్ళగానే డాక్టరు గారికి చెప్పు. దాచుకోకు."

సుబ్బాయమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది. కాసేపటికి కొంగు వెనక్కి తీసుకుని, సీటు మీద జానెడు పక్కకి జరిగింది. పదకొండేళ్ళు పక్కింటి మనిషికి కూడా తెలియకుండా దాచుకున్న మాట అది. ముక్కూ మొహం తెలియని అబ్బాయి వేలి కోసం అచ్చాయమ్మ దాన్ని బయట పెట్టేసింది. భాస్కర్ ఆ సంగతి గ్రహించింది చాలా రోజుల తర్వాత. అప్పుడతనికి ఏమీ వినిపించలేదు. చెవుల్లో హోరు.

సీసాలో నీళ్ళు పోసుకుంటూ సబ్బుతో వేలు కడిగాడు. సైరన్ మోతలో అచ్చాయమ్మ మాట వినబడకపోయినా, సూది గుచ్చుకుందని మాత్రం తెలిసి ముందు సీట్లోంచి త్రిమూర్తులు అరుస్తున్నాడు. "పిండెయ్ భాస్కరం! రక్తం పిండెయ్!"

"పిండకూడదు బాబాయ్. నువ్వు బండి తోలు."

పిండకూడదని, నోట్లో పెట్టుకోకూడదని, నీళ్ళతో కడగాలని అతనికి శిక్షణలో చెప్పారు. అదంతా ఎవరికో జరిగేదనుకుని రాసుకున్నాడు.

అచ్చాయమ్మని పెద్దాసుపత్రిలో అప్పగించి, నేరుగా అక్కడే హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్టీ సెంటరుకి వెళ్ళాడు. అక్కడి డాక్టరమ్మ అతన్ని కూర్చోబెట్టి ఎన్నింటికి గుచ్చుకుంది, సూది లోపల బోలుగా ఉండేదేనా, రక్తం కనబడిందా, గ్లోవు వేసుకున్నావా అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది.

"మందే వేసుకోకపోతే, ఇలా గుచ్చుకున్న వెయ్యి మందిలో సుమారు ముగ్గురికి రావచ్చు. మందు వేసుకుంటే అది బాగా తగ్గిపోతుంది. ఆవిడ మందులు ఆపిందన్నావు కాబట్టి మనం ఛాన్సు తీసుకోవద్దు. గంటన్నరలోనే వచ్చావు, మంచి పని చేశావు. రోజుకో మాత్ర, ఇరవై ఎనిమిది రోజులు. ఒక్క రోజు కూడా మానకూడదు."

"ఆ ముగ్గురిలో నేనుంటేనండి?"

"మిగతా తొమ్మిది వందల తొంభై ఏడు మందిలో ఎందుకుండకూడదు?" అందావిడ నవ్వకుండా. "ఇవాళ రక్తం తీస్తాను. ఇది నీ పాత సంగతే చెబుతుంది. ఈ సూది సంగతి ఆరు వారాలకి, మూడు నెలలకి తెలుస్తుంది. ఆరో నెలలో ఇంకోటి రికార్డు కోసం. పెళ్ళయిందా?"

"నెల కాలేదండి."

డాక్టరమ్మ పెన్ను ఆగింది. "అయితే ఆరు వారాల పరీక్ష దాకా కలవకండి. ఆ తర్వాత కూడా మూడు నెలల దాకా కండోమ్ తప్పనిసరి. ముట్టుకుంటే, కలిసి తింటే, ఒక మంచం మీద పడుకుంటే ఏమీ కాదు. అది నీకు నేను చెప్పక్కర్లేదనుకో."

డాక్టరమ్మ ఎదుటే తొలి మాత్ర మింగాడు. బయటికొచ్చి వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. ఆషాఢం అయిపోతుంది. ఆరు వారాలు మాత్రం అవ్వవు. శ్రావణం వచ్చాక ఇంకో రెండు వారాలు మిగులుతాయి. దుర్గాశ్రీ గడపలో కుడికాలు పెట్టే రోజుకి తను ఆమెకి ఏం చెబుతాడు?

ఆషాఢాన్ని అందరూ తిట్టుకుంటారు. అతను మాత్రం ఆషాఢం చాటున దాక్కున్నాడు. అన్నం సయించకపోతే, కళ్ళ కింద నల్లబడితే, అద్దంలో దవడ కింద గడ్డల కోసం వేళ్ళతో నొక్కి చూసుకుంటూ దొరికిపోతే, త్రిమూర్తులు నవ్వేవాడు. "మాకూ వచ్చిందిలే ఈ ఆషాఢం జ్వరం. శ్రావణంలో దానంతటదే దిగిపోద్ది." మాత్రలకి కడుపులో తిప్పేది. ఆ తిప్పుడు మాత్రదో, జబ్బుదో తెలిసేది కాదు. ఫోన్లో వెతికేవాడు. ఒకచోట భయం లేదని ఉంటే, అది మూసేసి భయం ఉందని రాసిన చోటు దొరికేదాకా వెతికేవాడు. ఇంట్లో తన కంచం, గ్లాసు విడిగా పెట్టుకున్నాడు. తనే కడుక్కునేవాడు. ముట్టుకుంటే రాదని ఊరూరా సభల్లో చెప్పినవాడే.

"కొత్త పెళ్ళికొడుకువి, నువ్వు కంచం కడగడం ఏంట్రా?" అంది తల్లి.

"అలవాటు చేసుకుంటున్నానమ్మా."

దుర్గాశ్రీ రోజూ మధ్యాహ్నం ఫోను చేసేది. మొదట్లో గంటసేపు మాట్లాడుకునేవాళ్ళు. పదో రోజున చెప్పింది. "మా అమ్మ ఏమందో తెలుసాండి? గడప తొక్కకూడదు గానీ, రాజమండ్రిలో సినిమా హాలుకి గడప లెక్క లేదంట. ఆదివారం మ్యాట్నీకి వస్తాను. మా తమ్ముడు దింపుతాడు."

ఆ మాటకి అతని ఒళ్ళంతా ఆమె వైపు లేచింది. చీకట్లో పక్క సీట్లో ఆమె భుజం, చేతి గాజుల చల్లదనం. "డ్యూటీ ఉంది దుర్గా," అన్నాడు.

"మార్చుకోలేరాండి?"

"కుదరదు."

"సరేనండి. మంచిదండి. ఉంటానండి."

మూడు అండీలు. ఆదివారం అతనికి డ్యూటీ లేదు. ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సినిమా మొదలయ్యే వేళకి, విశ్రాంతి వేళకి, వదిలే వేళకి గడియారం చూశాడు.

తర్వాతి వారం ఆమె ఏమీ రాయకుండా ఒక ఫొటో పంపింది. గోరింటాకు పెట్టుకున్న రెండు చేతులు. ఎర్రగా, మామిడి చిగురులా పండాయి. భర్తకి ప్రేమ ఉంటే అలా పండుతుందంటారు. ఆ చేతుల్ని వేళ్ళతో పెద్దవి చేసి చూశాడు, గీతలు కనబడేదాకా. జవాబు మాత్రం రాయలేకపోయాడు.

మూడో వారం మందుల కోసం వెళ్ళినప్పుడు, అక్కడ ధైర్యం చెప్పే కౌన్సెలరు నాగవల్లి అతన్ని వదల్లేదు. "నిద్రపోతున్నారా?" అని అడిగింది. లేదన్నాడు. ఫోన్లో ఏం చూస్తున్నారంది. చెప్పాడు.

"అది ఆపేయండి. అనుమానం వస్తే నాకు ఫోన్ చేయండి. భయపడొద్దని చెప్పను, చెబితే పోదు. దానికో టైము ఇవ్వండి. సాయంత్రం ఆరు నుంచి ఆరుంపావు. ఆ పావుగంట కూర్చుని బాగా భయపడండి. మిగతా వేళల్లో వస్తే, సాయంత్రం రమ్మనండి."

"వింటుందాండి?"

"మొదట్లో వినదు. ఇంకో మాట. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. మోయడానికి రెండో మనిషి కావాలి."

"మా ఆవిడకి చెబితే సూది అని నమ్ముతుందాండి? కొత్తగా పెళ్ళయింది. నేనేంటో తనకింకా పూర్తిగా తెలీదు."

"నమ్మకపోవచ్చు. కానీ చెప్పకపోతే, నమ్మే అవకాశమే ఇవ్వనట్టు కదండీ," అంది నాగవల్లి.

సాయంత్రం ఆరింటికి ఆనకట్ట పక్కన రాతి మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. గేట్లెత్తారు. ఎర్రటి నీళ్ళు కింద హోరుమని పడుతుండేవి. మొదటి నాలుగు రోజులు పావుగంట చాలలేదు. అయిదో రోజు భయం పది నిమిషాల్లో అయిపోయింది. ఆ తర్వాత అయిదు నిమిషాలే పట్టేది. మిగిలిన టైమంతా అవతలి ఒడ్డు వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆ చెట్ల వరస వెనక, కాలవ వెంబడి కొంత దూరం పోతే ఆత్రేయపురం. ఈ వేళకి ఆమె కుండ కింద మంట ఆర్పి, చేతులు కడుక్కుని ఉంటుంది. జడ విప్పుకుంటూ ఉంటుంది. భయం ఖాళీ చేసిన చోట అంతా దుర్గాశ్రీ నిండిపోయేది. అది ఇంకా కష్టంగా ఉండేది.

మాత్రలు మొదలైన ఇరవై ఒకటో రోజున ఏఆర్టీ సెంటరు వరండాలో చేతికర్రతో కూర్చున్న అచ్చాయమ్మ కనబడింది. కాలికి పిండికట్టు. ఆవిడే ముందు పిలిచింది.

"వేలెలా ఉంది బాబూ?"

"వేలికేముందండి. మీ కాలు?"

"అతుక్కుంటంది. మందు వేసుకుంటన్నావా? ఒక్క పూట కూడా మానకు. నాలాగా చెయ్యకు."

అతను ఆవిడ పక్కన కూర్చున్నాడు. "ఆ రోజు సుబ్బాయమ్మగారి ముందు చెప్పేశారు. ఊళ్ళో..."

"ఆయ్, తెలిసిపోయింది. తెలీకుండా ఉంటదా?" అందావిడ తేలిగ్గా. "ఇద్దరు ముగ్గురు మా ఇంటి ముందు నుంచి నడవడం మానేశారు. సుబ్బాయమ్మ వారం రోజులు మొహం చాటేసింది. తర్వాత ఒకరోజు పప్పు గిన్నె తెచ్చిచ్చింది. గిన్నె మాత్రం వెనక్కి తీసుకెళ్ళలేదు. 'ఉంచుకో వదినా' అంది. పోన్లే, మొన్నటిదాకా నేను దాచుకున్నాను, ఇప్పుడు ఆవిడ గిన్నె వదులుకుంది." చేతికర్ర పక్కన పెట్టి మళ్ళీ అంది. "మా ఆయన పోయి పదేళ్ళు దాటింది. లారీ తోలేవాడు. ఆయన ఇచ్చిపోయిందే ఇది. తిట్టుకున్నాను, ఏడ్చాను. కానీ ఇప్పటికీ సాయంత్రం లారీ హారను వినబడితే గుమ్మంలోకొస్తాను. మనసుకి జబ్బు తెలీదు కదా బాబూ. ఆయన ముందే చెప్పుంటే నేను మందులు ఇప్పించేదాన్ని. నన్ను చూసి భయపడి చెప్పలేదు. నేనేమన్నా పులినా?"

ఆవిడ నవ్వబోయి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. భాస్కర్ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు, సూది పెట్టిన రోజులాగే. అచ్చాయమ్మ ఆ చేతి వైపు చూసి, తన చెయ్యి తీసుకోకుండా అలాగే ఉంచింది. లోపల్నించి పేరు పిలిచాక కర్ర అందుకుని లేచింది.

ఆ రోజు ఇంటికెళ్ళి తన గ్లాసు అందరి గ్లాసుల్లో కలిపేశాడు. దుర్గాశ్రీకి ఫోన్ చేశాడు. "రేపు మధ్యాహ్నం లొల్ల లాకుల దగ్గరికి రాగలవా? అక్కడ గడపలేమీ లేవు."

"డ్యూటీ లేదాండి?" అందామె.

ఆమె స్కూటీ మీద వచ్చింది. పసుపు రంగు చీర, తలకి నూనె పెట్టి దువ్వి వేసుకున్న జడ. అతన్ని చూడగానే మొహం వెలిగి, వెంటనే కోపం గుర్తొచ్చి ముడుచుకుంది. చేతికి గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. లాకుల్లోంచి నీళ్ళు పడుతున్న చప్పుడులో గట్టు మీద రెండడుగుల దూరంలో కూర్చున్నారు. అతను చెప్పాడు. ఆటో, అచ్చాయమ్మ, గుంత, సూది, మాత్రలు, ఆరు వారాలు. ఒక్కసారి మొదలుపెట్టాక ఆగకుండా చెప్పాడు.

ఆమె కాలవ వైపే చూస్తూ వింది. అయిపోయాక అడిగింది.

"నిజంగా సూదేనాండి?"

అతను అనుకున్న మాటే. అయినా గుండెలో కలుక్కుమంది. జేబులోంచి ఆసుపత్రి కాగితం తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని మొత్తం చదివింది. తేదీ చదివింది, టైము చదివింది, సంతకం దాకా చదివి మడతపెట్టింది.

"కోపం వచ్చిందా?" అంది. "అడగాలి కదండీ. అడక్కుండా పెట్టుకుంటే, మీరు నెల మోసినట్టు నేను జన్మంతా మోస్తాను. అడిగాను, చూశాను, అయిపోయింది. ఇంకెప్పుడూ అడగను." కాగితం అతనికి తిరిగిచ్చింది. "నేను మీకు నచ్చలేదనుకున్నాను. ఇరవై మూడు రోజులకే మొహం మొత్తిందనుకున్నాను. ఆ ఫొటోకి ఒక్క ముక్క రాయలేదు మీరు. మా అమ్మ అడిగితే, బాగుందన్నారని అబద్ధం చెప్పాను."

"ఎన్నిసార్లు చూశానో నీకు తెలీదు దుర్గా."

"నాకెలా తెలుస్తుంది? చెబితే కదా."

ఆమె ఏడుస్తోంది. అతను దగ్గరికి జరగబోయి ఆగాడు. ఆమె అది చూసింది. తనే ఆ రెండడుగులూ జరిగి, అతని ఎడమ చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది. చూపుడు వేలిని వెతికి పట్టుకుని, ఎక్కడ గుచ్చుకుందో చూసింది. అక్కడేమీ కనబడలేదు. రేకుని ఎత్తినట్టే ఆ వేలిని పైకెత్తి తన చెంపకి ఆనించుకుంది. ఇరవై రెండు రోజులుగా అతను బిగబట్టుకున్నదంతా అప్పుడు తెగింది. లాకుల దగ్గర చేపలు పట్టేవాళ్ళున్నారని కూడా చూసుకోలేదు.

శ్రావణం మొదటి శుక్రవారానికి ముందే దుర్గాశ్రీ ధవళేశ్వరం వచ్చేసింది. ఆఖరి మాత్ర ఆమె చేత్తోనే ఇచ్చింది. అత్తగారికి ఏం చెప్పాలో ఇద్దరూ మాట్లాడుకుని, పరీక్ష అయ్యాక చెబుదామనుకున్నారు. ఆ రెండు వారాలూ ఒక మంచం మీద, ఒక దుప్పటి కింద, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పడుకున్నారు. అంత దగ్గరగా ఉండి అంతగా ఎదురుచూడటం, గోదావరికి అటూ ఇటూ ఉన్నప్పటికంటే బరువుగా ఉంది. అయినా ఆ బరువు ఇప్పుడు ఇద్దరిదీ. ఒక్కోసారి ఆమెకే భయం వేసేది. "సాయంత్రం ఆరింటికి రమ్మను," అనేవాడతను. ఇద్దరూ వెళ్ళి ఆనకట్ట మెట్ల మీద కూర్చునేవారు.

ఆరు వారాల పరీక్షకి ఆమె కూడా వెళ్ళింది. వరండాలో బల్ల మీద కూర్చుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూనే ఉంది. అతను కాగితం పట్టుకుని బయటికొచ్చాడు. "నెగటివ్," అన్నాడు. ఆమె తల వంచుకుని, పెదాలు కదుపుతూ, ఎవరికో నమస్కారం పెట్టుకుంది. ఆ సాయంత్రం తల్లికి ఇద్దరూ కలిసి చెప్పారు. ఆవిడ కొడుకుని ఒక్కటి వేసి, కోడల్ని పట్టుకుని ఏడ్చింది.

మూడు నెలల పరీక్ష దసరా రోజుల్లో వచ్చింది. ఆ రోజు దుర్గాశ్రీకి రావడానికి కుదరలేదు, పండక్కి పూతరేకుల ఆర్డర్లెక్కువగా ఉన్నాయని తల్లికి సాయం వెళ్ళింది. డాక్టరమ్మ కాగితం చూసి, "ఇంక హాయిగా ఉండు. ఆరో నెలలో ఒకసారి కనబడు, రికార్డు కోసం," అంది.

భాస్కర్ వరండాలోకి వచ్చి ఫోన్ చేశాడు. అవతల గిన్నెల చప్పుడు, ఆడవాళ్ళ మాటలు.

"దుర్గా, అయిపోయింది. నెగటివే."

గిన్నెల చప్పుడు దూరమైంది. ఆమె పెరట్లోకి వచ్చినట్టుంది. ఊపిరి మాత్రం వినబడుతోంది.

"ఏమైనా మాట్లాడవా?"

"చేతులు పిండిగా ఉన్నాయండి," అందామె. "అయినా ఏం మాట్లాడాలి? ఇప్పుడే బయల్దేరి వచ్చేయండి. ఇది ఆషాఢం కాదు. గడప దాటి లోపలికి రండి."

అతను బండి తాళాలు తీసుకున్నాడు. ఆనకట్ట మీద ఆ మధ్యాహ్నం ఎండ కాస్తోంది. నీళ్ళు తేరుకున్నాయి. అరగంట పట్టే దారిని ఎంతసేపట్లో దాటాడో అతనికి గుర్తులేదు.